లెక్కలలో ఋతువులు

ఆషాఢమాసమున పెండ్లిండ్లు లేవు. పట్టుచీరల దుకాణములోను, బంగారపు కొట్టులోను బేరములు పలచబడును. అయినను ఆ నెల చిఠ్ఠా చూచి ఏ వర్తకుడును తన వ్యాపారము చెడిపోయినదని బెంగపడడు. ‘ఆషాఢము గదా’ అని ఊరకుండును. శ్రావణము వచ్చి, ముహూర్తములు సాగుచున్నప్పుడు కూడ కొట్టు ముందు జనము కానరానిచో అప్పుడు అతనికి నిద్ర పట్టదు. అమ్మకము రెండు నెలలలోను ఒక్కటే కావచ్చును. అర్థము మాత్రము ఒక్కటి కాదు. ఆ వర్తకుడు కాగితముపై పెట్టకుండనే ఒక లెక్క చేసినాడు. ఈ నెలకు మామూలుగా ఉండవలసినది ఎంత, ఇప్పుడు ఉన్నది ఎంత, ఈ రెంటికిని నడుమ గల తేడా ఎంత అని చూచినాడు. ఆ తేడాయే అతనికి వార్త.

ప్రభుత్వములు తమ గణాంకములలో చేయు ఇట్టి పనికే ఋతుసవరణ అని పేరు. నెలనెలకు ఒక్కొక్క అంకె చొప్పున వరుసగా కూర్చిన పట్టికను కాలశ్రేణి అందురు. నిరుద్యోగుల సంఖ్య, కర్మాగారముల ఉత్పత్తి, బ్యాంకుల ఋణములు, చిల్లర వర్తకము మొదలైనవన్నియు ఇట్టి శ్రేణులే. వానిలోనుండి ఏటేట మరలివచ్చు ఋతువు పాలును తీసివేసి, మిగిలినదానిని లోకమునకు చూపుట ఋతుసవరణ. ‘ఈ నెల నిరుద్యోగము తగ్గినది’ అని విదేశీవార్తలలో మనము వినునప్పుడు, తగ్గినది చాలసార్లు ఇండ్లకు పోయి లెక్కించి తెచ్చిన అంకె కాదు, ఇట్లు సవరించిన అంకె. కనుక ఆ సవరణ ఎట్లు పుట్టెనో, ఎవరి చేతులలో పెరిగెనో, దానివలన ఏ కలహములు వచ్చెనో తెలిసికొనుట వార్తలు వినువారందరికిని అవసరమే.

ఈ కథ లండను ద్రవ్యవిపణిలో మొదలగును. 19వ శతాబ్దము నడుమ అక్కడి వర్తకులు ఒక వింత గమనించుచుండిరి. శరత్కాలము వచ్చునప్పటికి ఇంగ్లండు బ్యాంకునుండి నాణెములును, నోట్లును వెలుపలికి పోవును, వడ్డీరేటు హెచ్చును, అప్పు పుట్టుట కష్టమగును. కొందరు దీనిని బ్యాంకు అధికారుల తప్పిదమనిరి, కొందరు రానున్న సంక్షోభమునకు సూచన అనిరి. 1862లో విలియం స్టాన్లీ జెవన్స్ అను 27 ఏండ్ల యువకుడు బ్రిటిష్ అసోసియేషన్ సభకు ఒక వ్యాసము పంపెను. బ్యాంకు వడ్డీ, దివాలాల సంఖ్య, ప్రభుత్వ ఋణపత్రముల ధర, గోధుమల ధర, ఈ నాలుగింటికిని అనేక సంవత్సరముల అంకెలు కూర్చి, నెలవారీగా సగటులు కట్టి, ఏ నెలకు ఏది సహజమో అతడు చూపెను. అతని వాదము సూటియైనది. ఏటేట వచ్చు హెచ్చుతగ్గులను ముందుగా కనిపెట్టి తీసివేయనిదే, అకస్మాత్తుగా వచ్చిన మార్పు ఏదో మనకు సరిగా తెలియరాదు. మనకు ఎక్కువ అవసరమైనదియు ఆ రెండవదే.

1866లో అతడు శరత్కాలపు ఒత్తిడిని గురించియే మరియొక వ్యాసము వ్రాసెను. పంట కోతలకు కూలీ ఇయ్యవలెను, ధాన్యము కొనవలెను. అక్టోబరులో మూడు నెలల వడ్డీలును, లాభాంశములును చెల్లింపవలెను. అందుచేత నగదు పల్లెలకును, చిన్న పట్టణములకును ప్రవహించును. కొన్ని వారములు గడచిన పిదప అది మరల బ్యాంకునకే చేరును. ఇది తెలిసినవాడు అక్టోబరు పోటును చూచి భయపడనక్కరలేదు. అదే సంవత్సరము మే 10వ తేదీన ఓవరెండ్ గర్నీ అను పెద్ద ఋణసంస్థ కూలిపోయి, లండను నగరమంతయు గగ్గోలుపడెను. బ్యాంకు వడ్డీ నూటికి 10 వరకు పోయెను. మే నెల కోతల కాలము కాదు, లాభాంశముల కాలము కాదు. ఋతువు చెప్పలేని ఒత్తిడియే నిజమైన ప్రమాదమని జెవన్స్ చెప్పిన సూత్రమునకు ఇంతకంటె గట్టి సాక్ష్యము అక్కరలేదు.

అయితే ఆ జెవన్సే మనకు మరియొక పాఠమును కూడ విడిచిపోయెను. తన చివరి సంవత్సరములలో అతడు వర్తక సంక్షోభములన్నియు సూర్యబింబముపై మచ్చలను అనుసరించి వచ్చునని నిరూపింపబూనెను. సూర్యునిలో మార్పు వలన హిందూదేశమున పంటలు చెడును, పంటలు చెడగా ఇక్కడివారు ఇంగ్లీషు వస్త్రములు కొనజాలరు, అందుచేత ఇంగ్లండులో వర్తకము కుంటుపడును, ఇదియే అతని తర్కము. దీనికై ఢిల్లీ నగరపు ధాన్యపు ధరలను గూడ సేకరించెను. మచ్చల చక్రము సుమారు 11 ఏండ్లని మొదట గ్రహించి, పిమ్మట అది 10.45 ఏండ్లని ఒక క్రొత్త లెక్క రాగా, సంక్షోభముల తేదీలను దానికి కుదుర్పబోయెను. లోకము దానిని అంగీకరింపలేదు. అంకెలలో ఆవృత్తిని వెదకువానికి, లేనిచోట కూడ ఆవృత్తి కనబడు ప్రమాదము కలదు. ఈ పనిలో ఇది మొదటి హెచ్చరిక.

లండనులో వడ్డీరేటుతో సరిపోయిన ఒత్తిడి అమెరికాలో బ్యాంకులను కూల్చెను. అక్కడ పశ్చిమ, దక్షిణ ప్రాంతములలో గోధుమ, మొక్కజొన్న, ప్రత్తి చేతికి వచ్చునప్పటికి పల్లె బ్యాంకులు న్యూయార్కులో దాచుకొన్న నిలువలను వెనుకకు రప్పించుకొనెడివి. ఏటేట శరత్తులో న్యూయార్కు నగదు సన్నగిల్లును. ఆ సమయముననే మరేదైన చెడు వార్త తోడైనచో జనులు బ్యాంకులమీద పడుదురు. 1873లో సెప్టెంబరున, 1907లో అక్టోబరున అట్లే జరిగెను. 1907 భయోత్పాతము తరువాత ఏర్పడిన జాతీయ ద్రవ్యసంఘము కొరకు ఎడ్విన్ కెమ్మరర్ అను ఆచార్యుడు ద్రవ్యపు గిరాకీలోని ఋతుభేదములను వారవారమునకు లెక్కగట్టి 1910లో ఒక పెద్ద గ్రంథము సమర్పించెను. 1913 డిసెంబరు 23న ఆమోదము పొందిన ఫెడరల్ రిజర్వు చట్టము, కాలానుగుణముగా పెరిగి తరుగగల నాణెపుటేర్పాటును తన ముఖ్యోద్దేశములలో నొకటిగా పెట్టుకొనెను. ఆ సంస్థ పనిచేయనారంభించిన పిదప వడ్డీరేట్లలోని శరత్కాలపు పోటు బాగుగా తగ్గినది. లెక్కలలోని ఋతువును ఎరుగుట వలన ఋతువు చేయు కీడునే కొంత తగ్గింపవచ్చునని ఇందువలన తేలినది.

ఋతువును కొలుచుటకు ఒక క్రమపద్ధతి కావలెను. 1919లో హార్వర్డు విశ్వవిద్యాలయమున వారెన్ పెర్సన్స్ ప్రతి కాలశ్రేణిలోను నాలుగు పాళ్ళు కలసియున్నవని వివరించెను. ఏండ్ల తరబడి సాగు దీర్ఘకాలపు ధోరణి మొదటిది. వర్తకపు మంచిచెడ్డలను అనుసరించి వచ్చు చక్రగతి రెండవది. 12 నెలలకొకసారి తిరిగివచ్చు ఋతుభేదము మూడవది. సమ్మె, తుపాను, యుద్ధము మొదలగువాని వలన వచ్చు అనియతమైన మార్పు నాలుగవది. గణాంకశాస్త్రము చదువు విద్యార్థులు నేటికిని ఈ నాలుగు పేళ్ళను వల్లించుచునే యున్నారు. ఆ హార్వర్డు బృందము తమ విభజన బలముమీద వర్తకపు భవిష్యత్తును కూడ చెప్పబూని, 1929లో ముంచుకొనివచ్చిన మహామాంద్యమును పసిగట్టలేక అభాసుపాలయ్యెను. భవిష్యత్తు చెప్పుట వేరు, గడచిన నెలను సరిగా చదువుట వేరు. మొదటిది కూలినను రెండవది నిలిచినది.

దానిని నిలిపినవారిలో ఫ్రెడరిక్ మెకాలే ముఖ్యుడు. 1920లలో ఫెడరల్ రిజర్వు బోర్డువారి కోరికపై అతడు రూపొందించిన పద్ధతి తేటయైనది. గొడుగుల దుకాణమొకటి ఉన్నదనుకొందము. వరుసగా 12 నెలల అమ్మకమును సగటు చేసినచో, ఆ 12 నెలలలో ఒక వేసవి, ఒక వానకాలము, ఒక శీతకాలము ఉండితీరును గనుక ఋతువు తనంత తానే చల్లారిపోవును. ఒక నెల జరిపి మరల సగటు చేయవలెను. మరియొక నెల జరిపి మరల చేయవలెను. ఇట్లు కదలు సగటుల వరుస ఏర్పడును. జనవరినుండి డిసెంబరు వరకు గల సగటు జూన్ జూలైల నడుమ పడును; దానిని తరువాతి సగటుతో కలిపి మరల సగటు చేయగా సరిగా జూలైపై నిలుచును. ఇప్పుడు జూలైలో నిజముగా అమ్మిన గొడుగులను ఆ సగటుతో భాగింపవలెను. అనేక సంవత్సరముల జూలైలను ఇట్లే చూచినప్పుడు, సగటు 100 ఉన్నచోట జూలై 180గా ఉండుచున్నదని తేలిన, అదియే జూలై గుణకము. మార్చి గుణకము 40 అనుకొందము. ఈ యేడు మార్చిలో 36 గొడుగులు, జూలైలో 198 గొడుగులు అమ్ముడుపోయినచో, ఋతువును తీసివేయగా మార్చి 90, జూలై 110 అగును. దుకాణము అయిదింతలు పెరుగలేదు. 90 నుండి 110కి పెరిగినది. యజమానికి కావలసిన నిజము అది.

ఈ పద్ధతిలో ఒక లోపము కూడ అప్పుడే కానవచ్చును. నడుమ నెలలకు సగటు దొరకును గాని, వరుసకు మొదటి ఆరు నెలలకును, చివరి ఆరు నెలలకును దొరకదు. ఇరుప్రక్కల అంకెలు ఉన్ననే గదా నడుమనున్నదానికి సగటు కట్టవచ్చును. పత్రికలకును, మంత్రులకును, మనకును కావలసినది చివరి నెలయే. ఆ చివరి నెలను, రాబోవు నెలలు చేతికి రాకమునుపే ఏదో విధముగా సవరింపవలెను. కనుకనే సవరించిన తాజా అంకె ఎప్పుడును తాత్కాలికము; ముందునెలలు వచ్చిన కొలది అది మారును. ఈ చిన్న సాంకేతిక విషయము ఒకనాడు శ్వేతభవనమును కదలించుననియు, ఒక ఉద్యోగి పదవిని మార్చుననియు ఆనాడు ఎవరు ఊహింపగలరు?

చేతితో చేయు కాలమున ఒక శ్రేణికి గుమాస్తాలు దినముల తరబడి కూర్చుండవలసివచ్చెడిది. 1951లో అమెరికా జనాభాలెక్కల కార్యాలయమునకు యూనివాక్ అను ఎలెక్ట్రానిక్ గణనయంత్రము వచ్చెను. అక్కడి ఆర్థిక గణాంకవేత్త జూలియస్ షిస్కిన్ 1954లో ఋతుసవరణను ఆ యంత్రమునకు అప్పగించెను. 1955లో దానినే మెరుగుపరచెను. తరువాత ఒకదాని వెనుక ఒకటిగా ప్రయోగరూపములు వచ్చినవి; ప్రయోగమునకు గుర్తుగా ప్రతిదానికిని ‘ఎక్స్’ అను అక్షరమును, ఒక సంఖ్యను తగిలించిరి. 1965లో వచ్చిన పదునొకండవది, ఎక్స్-11, దేశదేశముల ప్రభుత్వ కార్యాలయములలో పాదుకొనెను. నెలలో ఎన్ని ఆదివారములు పడినవో దానివలన వచ్చు తేడాను గూడ అది తీసివేయగలదు. సమ్మెవంటి విపరీతమైన అంకె వచ్చినప్పుడు దానికి విలువ తగ్గించి, గుణకము చెడకుండ చూడగలదు. వేలకొలది శ్రేణులు నెలనెల సవరింపబడుచు వచ్చినవి. ఆనాటినుండి సవరించిన అంకె ముందు నిలిచెను. లెక్కించి తెచ్చిన అసలు అంకె పట్టికలలో వెనుకకు జరిగెను.

నిరుద్యోగపు లెక్కకు ఈ సవరణ మరీ ముఖ్యము. క్రిస్టమస్ వెళ్ళగానే దుకాణములలో తాత్కాలికపు పనివారు తొలగింపబడుదురు. చలికాలమున కట్టడపుపనులు నిలిచిపోవును. జూన్ నెలలో బడులు మూసి, లక్షలాది విద్యార్థులు పనికొరకు బయలుదేరుదురు. వీనిని సవరింపక చూచినచో ప్రతి జనవరియు సంక్షోభమే, ప్రతి జూనును ప్రమాదమే. కాని సవరించునది ప్రభుత్వము; ఆ అంకెతో ఎన్నికలలో నిలుచునదియు ప్రభుత్వమే. 1961లోనే ఒక మాసపత్రిక ఈ లెక్కలలో మోసమున్నదని ఆరోపించెను. అధ్యక్షుడు కెన్నెడీ ఆర్థికశాస్త్రవేత్త రాబర్ట్ గోర్డను అధ్యక్షతన ఒక సంఘమును నియమించెను. 1962లో ఆ సంఘము, లెక్కలలో మోసమేమియు లేదని తేల్చి, పద్ధతులను మరింత స్పష్టముగా ప్రజలకు వివరింపవలెనని సలహా ఇచ్చెను.

పదేండ్లు తిరుగకముందే అసలు పరీక్ష వచ్చెను. 1971లో అమెరికాలో నిరుద్యోగము నూటికి 6 ప్రాంతమున ఉండెను. మరుసటి యేడు ఎన్నికలు. ఫిబ్రవరిలో సవరించిన రేటు కొంచెము తగ్గగా, కార్మికమంత్రి హాడ్జ్‌సన్ దానిని మంచివార్తగా చెప్పెను. అంకెలను ప్రతినెల పత్రికలవారికి వివరించు హెరాల్డ్ గోల్డ్‌స్టీన్ అను గణాంకాధికారి మాత్రము, పరిస్థితి కొంత మంచి కొంత చెడ్డగా కలగాపులగముగా ఉన్నదనెను. మార్చిలో ఆ పత్రికాగోష్ఠులు రద్దయ్యెను. సెనేటరు ప్రాక్స్‌మైర్ వెంటనే కాంగ్రెసు సంఘము ఎదుట ఆ అధికారులను నెలనెల పిలిపించి విచారించుట ప్రారంభించెను.

జూలై 2వ తేదీన జూన్ నెల అంకె వెలువడెను. మేలో నూటికి 6.2 ఉన్న నిరుద్యోగము జూన్‌లో 5.6కు దిగినది. ఇంత దిగుడు ఒక్క నెలలో అరుదే. కాని ఆ ప్రకటనతోపాటే, ఈ దిగుడు కొంతవరకు సవరణ వలన పుట్టినదని ఒక హెచ్చరికయు వెలువడెను. కారణము పంచాంగములో ఉన్నది. ప్రతి నెల 12వ తేదీ ఏ వారమున పడునో ఆ వారమే అక్కడ నిరుద్యోగులను లెక్కింతురు. 1971 జూన్ 12 శనివారము. కనుక లెక్కింపు వారము జూన్ 6ననే మొదలై 12తో ముగిసెను. అంతకంటె ముందుగా అది పడుట సాధ్యము కాదు. ఆ వారమునకు బడులు ఇంకను చాలచోట్ల మూయలేదు. ప్రతి యేడు వచ్చు విద్యార్థుల గుంపు ఇంకను రాలేదు. గుణకము మాత్రము ఆ గుంపు వచ్చినట్లే భావించి, దానిని తీసివేసెను. లేనిదానిని తీసివేయగా అంకె దిగిపోయెను.

ఈ హెచ్చరిక అధ్యక్షుడు నిక్సన్‌కు ఆగ్రహము కలిగించెను. ఆ కార్యాలయపు ఉద్యోగులలో యూదులెందరో లెక్కింపుడని ఆయన తన సిబ్బందికి చెప్పినట్లు శ్వేతభవనపు ధ్వనిముద్రికలును, కాగితములును పిమ్మట వెల్లడించినవి. ఆ శరత్తులోనే కార్యాలయమును పునర్వ్యవస్థీకరించు నెపమున గోల్డ్‌స్టీన్‌ను వేరొక పనికి మార్చిరి. అతడు చెప్పినది నిజమో కాదో కాలమే తీర్పు చెప్పినది. తరువాతి నెలలు, తరువాతి సంవత్సరములు వచ్చి, గుణకములు మరల కట్టగా, ఆ అమెరికా కార్యాలయమువారి సవరించిన పట్టికలో 1971 మే నెలకు 5.9, జూన్‌కు కూడ 5.9 అని నిలిచినది. అంతటి కోలాహలమునకు కారణమైన దిగుడు పట్టికలోనుండి అదృశ్యమైనది. అధికారులు అంకెను ప్రకటించిన పిదప ఒక గంట గడచువరకు ప్రభుత్వ పెద్దలు దానిపై వ్యాఖ్యానింపరాదను నిబంధన తరువాతి కాలమున ఏర్పడినది. ఎక్స్-11 సృష్టికర్తయైన షిస్కిన్‌యే 1973లో ఆ కార్యాలయమునకు అధిపతియై, 1978లో మరణించువరకు ఆ పదవిలో నుండెను.

చివరి నెలల చిక్కును తగ్గించుటకు కెనడా గణాంక కార్యాలయమున ఎస్టెలా బీ డాగమ్ అను విదుషి ఒక ఉపాయము చేసెను. 1970లో బాక్స్, జెంకిన్స్ అను ఇరువురు ప్రకటించిన విధానముతో శ్రేణిని కొన్ని నెలలు ముందునకు పొడిగించి, ఆ పొడిగింపును కూడ చేర్చుకొని ఎక్స్-11ను నడిపినచో, తాజా అంకెలు తరువాత అంతగా మారవని ఆమె చూపెను. ఆ మార్గముననే అమెరికాలో 1990లలో ఎక్స్-12, 2012లో ఎక్స్-13 వచ్చినవి. స్పెయిన్ దేశపు కేంద్రబ్యాంకులో రూపొందిన వేరొక పద్ధతి కూడ ఈ చివరిదానిలో కలిసినది.

ఇంత ప్రయాసపడిన పిదప కూడ, మామూలు అనునదే మాయమైనప్పుడు ఏ యంత్రమును చేయగలది లేదు. 2020 వసంతమున కోవిడ్ మహమ్మారి వలన అమెరికాలో నిరుద్యోగభృతికి క్రొత్తగా దరఖాస్తు పెట్టినవారు ఒక్క వారములో 60 లక్షలు దాటిరి. అంతకుముందు వారమునకు 2 లక్షల చొప్పున ఉండెడివారు. అక్కడి గుణకములు గుణించు రకమునకు చెందినవి. మామూలు కాలమున ఋతువు నూటికి 10 చొప్పున మార్చుననుకొందము. 2 లక్షలలో అది 20 వేలు. 60 లక్షలకు అదే గుణకమును వేసినచో 6 లక్షలగును. ఋతువు చేయు పని 20 వేలే. మిగిలినది సవరణ కల్పించిన నీడ. ఆ సెప్టెంబరునుండి అధికారులు గుణించుట మాని కూడుట, తీసివేయుట అను పద్ధతికి మారిరి. మారుచున్నామని ముందుగా ప్రకటించి మారిరి. మారిన నాటినుండి పాత అంకెలును, క్రొత్త అంకెలును ప్రక్కప్రక్కన పోల్చరాదని హెచ్చరించుటయు అవసరమయ్యెను.

మన దేశపు సంగతి ఏమి? లండనును బాధించిన కోతకాలపు ఒత్తిడి మనకు క్రొత్త కాదు. కళ్ళమునుండి ధాన్యము కదలు కాలమున వర్తకులకు నగదు కావలెను. ఇందుకై రిజర్వు బ్యాంకునకు ముందే, హుండీల హామీపై ఆ కొద్దినెలలకు అదనముగా నోట్లు అచ్చువేయు ఏర్పాటు ప్రభుత్వము చేసెను. 1935లో రిజర్వు బ్యాంకు ఏర్పడినప్పుడు, ఋతువులను బట్టి సాగు వ్యవసాయపు పనులకు ఋణము సమకూర్చుట దాని చట్టములోనే చేరినది. నవంబరునుండి ఏప్రిల్ వరకు బిజీ సీజను, మేనుండి అక్టోబరు వరకు స్లాక్ సీజను అని విభజించి, రెండింటికిని వేరువేరుగా ఋణవిధానము ప్రకటించుట చాలకాలము సాగినది. ఆర్థిక శ్రేణులకు నెలవారీ ఋతుగుణకములను కూడ ఆ బ్యాంకు తన బులెటిన్‌లో ప్రకటించుచు వచ్చినది.

కాని మన ధరలను, పారిశ్రామికోత్పత్తిని వార్తలలో చెప్పునప్పుడు సాధారణముగా వాడునది వేరొక పద్ధతి. ఈ నెలను పోయిన యేటి ఇదే నెలతో పోల్చుట. ఇది తేలికయైనది, ఎవరికైన అర్థమగునది. అయినను దీనికొక చిక్కున్నది. మన పండుగలు ఇంగ్లీషు నెలలకు కట్టుబడవు. చాంద్రమానము ఏటేట కొన్ని దినములు వెనుకకు జరుగును. అధికమాసము రాగా మరల ముందుకు పోవును. 2022లో దీపావళి అక్టోబరు 24న వచ్చెను. 2023లో నవంబరు 12న. కర్మాగారములకు సెలవులు ఒక యేట అక్టోబరులో, మరుసటి యేట నవంబరులో పడినవి. 2023 అక్టోబరులో పారిశ్రామికోత్పత్తి పోయిన యేటి అక్టోబరుకంటె నూటికి 11.7 పెరిగినదని మొదటి ప్రకటన చెప్పెను. మరుసటి నెలకు ఆ పెరుగుదల 2.4 మాత్రమే. పరిశ్రమలు అక్టోబరులో ఉరకలు వేసి నవంబరులో చతికిలబడినవని అనుకొనువాడు పంచాంగము చూడనివాడే. అందుచేత మన దేశమున ఋతుసవరణ చేయబూనువారు పాశ్చాత్యుల యంత్రమును ఉన్నదున్నట్లు వాడరాదు. దీపావళి ఏ నెలలో పడినదో దానికి ముందుగా చెప్పవలెను. పాశ్చాత్యులును తమ ఈస్టరు పండుగ కొరకు ఈ పనియే చేసికొనవలసివచ్చెను.

ఈ శతాబ్దమున్నర చరిత్రనుండి మనము గ్రహింపవలసినది ఒకటి కలదు. ఋతువును తీసివేయుటయనగా ఏది మామూలో నిర్ణయించుట. పనిలేనివాడు జనవరిలో నైనను, జూన్‌లో నైనను పనిలేనివాడే. ఆకలి ఋతుసవరణ ఎరుగదు. అందుచేత లెక్కించి తెచ్చిన అసలు అంకె ఎప్పుడును మరుగున పడరాదు. ప్రభుత్వము చేయదగినది తెలిసికొనుటకు సవరించిన అంకెయు కావలెను. రెండును ప్రక్కప్రక్కన ఉండవలెను. సవరించిన విధము అంకె రాకమునుపే నిర్ణయింపబడి, అందరికిని తెలిసియుండవలెను. పిమ్మట మారినప్పుడు మారినదని చెప్పవలెను. గోల్డ్‌స్టీన్ చేసినది ఇంతే. తన ప్రభుత్వమునకు ఇష్టమైన అంకెకు క్రిందనే, దీనిని పూర్తిగా నమ్మకుడు అని ఒక వాక్యము చేర్చుటకు అవకాశమిచ్చెను. గణాంకశాస్త్రము యొక్క గౌరవమంతయు అట్టి ఒక్క వాక్యముమీద నిలిచియున్నదనుట అతిశయోక్తి కాదు.

కనుక శ్రోతలు ఇకమీదట వార్తలలో ఏదైన పెరిగినదని, తగ్గినదని వినునప్పుడు మూడు ప్రశ్నలు వేసికొందురుగాక. ఏ నెలతో పోల్చిరి? ఋతువును తీసివేసిరా, లేదా? పోయిన నెల చెప్పిన అంకె ఈ నెలకు ఎంత మారినది? ఈ మూడింటికిని సమాధానము దొరకువరకు, మంచివార్తకు ఉప్పొంగకయు, చెడువార్తకు కుంగకయు ఉండుట మేలు. బంగారపు కొట్టులోని వర్తకుడు ఆషాఢమున అట్లే ఉండును. శ్రావణము వచ్చినప్పుడు మాత్రము కన్నులు తెరచుకొని కూర్చుండును.